ఓడ రికార్డులో లేని గడి

మన వలసల చరిత్రలో ఇవాళ ఒక ఖాళీ గడి గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు అమెరికాలో శరణు కోరేవాళ్ళు చాలామంది తమ కేసుతోపాటు సైకాలజిస్టు రిపోర్టు పెడుతున్నారు. పడ్డ హింస మనసుని ఏం చేసిందో అందులో ఉంటుంది. అది సాక్ష్యంగా పనికొస్తుంది.

మరి మన తాతలకి?

1860 నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి ఓడెక్కారు. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల జనం, అంటే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళూ అందులో ఉన్నారు. ఓడ రికార్డులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఊరు రాసుకున్నారు. ఒంటి మీద మచ్చలు కూడా రాసుకున్నారు. ఆ మచ్చ ఎలా పడిందో రాసే గడి మాత్రం లేదు.

మనసు మాట అసలు రాలేదా? వచ్చింది. 1897 నాటాల్ వలస నియంత్రణ చట్టం మతిస్థిమితం లేనివాళ్ళు రాకూడదంది. గెంటెయ్యడానికి మనసు గుర్తొచ్చింది, ఆదుకోడానికి గుర్తురాలేదు. ఫిజీ చెరకు తోటల్లో ఎందరో కూలీలు ప్రాణాలు తీసుకున్నారు. ఆండ్రూస్, పియర్సన్ 1916లో తమ నివేదికలో ఆ సంగతి రాశారు.

కులం గడి నింపినవాళ్ళు కులం చేసిన గాయాన్ని వదిలేశారు. రేపు మీరెవరికైనా శరణు కేసు రాసిపెడితే ఆ తప్పు చెయ్యకండి. మీ ఇంట్లో రంగమో, నాటాలో వెళ్ళినవాళ్ళుంటే ముసలమ్మల్ని ఇవాళే అడగండి. ఆ గడి మనమే నింపాలి.

జై భీమ్.