నాటక విద్య – నటజీవితం

నాటక విద్య నటునికి అవకాశాలను హామీ ఇవ్వదు. వచ్చిన అవకాశాన్ని నిలుపుకొనే శక్తినిస్తుంది. ఇందుకు కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోని హెగ్గోడు గ్రామం నిదర్శనం. అక్కడ 1949లో వెలసిన నీనాసం సంస్థ, కె.వి. సుబ్బణ్ణ సారథ్యంలో 1980లో నాటక శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. బోధన కన్నడంలోనే గనుక బళ్ళారి, కోలారు ప్రాంతాల తెలుగు విద్యార్థులకు ఆ భాషపై పట్టు అవసరం. 1985లో ప్రారంభమైన ‘తిరుగాట’ సంచార బృందం ఎందరికో ఊరూరా ప్రదర్శనానుభవాన్ని ఇచ్చింది. అచ్యుత్ కుమార్, సతీశ్ నీనాసం ఈ సంస్థలో చదివి కన్నడ చిత్రసీమలో నిలదొక్కుకున్నారు.

అయితే రాజ్‌కుమార్ ఏ నాటక కళాశాలలోనూ చదువలేదు. 1954లో ‘బేడర కణ్ణప్ప’తో కథానాయకుడు కాకమునుపే గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీ ఆయనకు పాఠశాల అయింది. కనుక ప్రేక్షకుల ఎదుట సాధన లేనిదే పట్టా ఒక్కటే నటుని నిలబెట్టదు.