మూడో రాత్రి తర్వాత

మాడుగుల కొండల దిగువ నుంచి బొబ్బిలి మైదానం దాకా తరతరాలుగా చెప్పుకునే కథల్లో బొబ్బిలి యుద్ధానిదే పెద్దపీట. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకోవడంతో మనం కథ ముగించి, లెక్క సరిపోయిందనుకుంటాం. ఆ లెక్క సరిపోలేదనీ, హద్దెరుగని ఆశా దానికి బదులుగా వచ్చిన పగా కలిసి ఈ నేలను మూడోవాడి చేతిలో పెట్టాయనీ తర్వాతి యాభై ఏళ్ల చరిత్ర చెబుతుంది.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేశాడు. పేష్కష్ (కప్పం) వసూలుకు ఫ్రెంచి సేనాని బుస్సీ సేనతో వచ్చినప్పుడు, విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు ఆ బలాన్ని పొరుగున ఉన్న బొబ్బిలివారి మీదికి తిప్పాడు. ఏటినీళ్ల తగాదాలతో రాజుకున్న పాత వైరం అది. తాతల నాటి నేల వదిలి వేరేచోటికి పొమ్మన్న మాటను బొబ్బిలివారు అవమానంగా తీసుకున్నారు. 1757 జనవరి 24న కోట కూలింది. శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనూ పిల్లలనూ అయినవాళ్లే చంపుకున్నారు. మూడు రాత్రులు తిరక్కుండానే విజయరామరాజు తన డేరాలోనే పాపారాయుడి చేతిలో హతమయ్యాడు. ఇది జరిగిన ఏడేళ్లకు ఇంగ్లండ్‌లో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ గోతిక్ నవలల్లో మొదటిదిగా పేరుపొందింది. పరాయి సొత్తైన కోటను నిలుపుకోవాలని తపించిన మాన్‌ఫ్రెడ్ అందులో పొరపాటున కన్నకూతురినే పొడుస్తాడు. వాల్పోల్ కల్పించిన భయం ఇక్కడ అప్పటికే నిజంగా జరిగిపోయింది.

కోర్టూ కచేరీ లేని కాలంలో పగే న్యాయం కాదా అని అడగవచ్చు. పాపారాయుడి తెగువనూ స్వామిభక్తినీ ఎవరూ కాదనలేరు; అతని ముందు మరో దారి కూడా కనిపించదు. అయితే దారి లేకపోవడం వేరు, ఆ దారి న్యాయానికి చేరడం వేరు. చచ్చిపోయిన పసివాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. అసలు దోషం ఫ్రెంచివారి శిస్తు దాహానిదే అనేవారూ ఉన్నారు. అందులో సగం నిజముంది. ఫిరంగులు వాళ్లవే, కాని అవి ఎటు గురిపెట్టాలో చూపించింది మనవాడి ఆశ.

తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు బుస్సీతో చెడి, విశాఖపట్నంలో ఫ్రెంచివారిని తొలగించి ఇంగ్లీషువారిని పిలిచాడు. క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, మరుసటి ఏడు మచిలీపట్నంలో ఫ్రెంచివారిని ఓడించాడు. అలా పిలిపించుకున్న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీయే 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఆ వంశపు వారసుడు చిన విజయరామరాజు ప్రాణం తీసింది. 1802 శాశ్వత శిస్తు నాటికి గెలిచిన విజయనగరం, ఓడిన బొబ్బిలి, వాటితోపాటు మాడుగుల కూడా ఒకే కంపెనీ పద్దులో కిస్తీలు కట్టే జమీందారీలయ్యాయి. మూడో రాత్రి దగ్గరే కథ ఆపితే వీరుడు మిగులుతాడు. ఈ పద్దు దాకా చదివితేనే ఆశ, పగ అనే ఆ రెండు కత్తులకూ మనం చెల్లించిన వెల తెలుస్తుంది.