‘యంగ్ లైవ్స్’ సమష్టి పరిశోధన – తెలుగు పిల్లల మాట

ఉపోద్ఘాతం

పిల్లల కోసం రాయడం, పిల్లలను గురించి రాయడం, పిల్లలను అడిగి రాయడం – ఇవి మూడు వేర్వేరు పనులు. మొదటిదానికి తెలుగులో గట్టి సంప్రదాయం ఉంది. 1945లో మొదలైన న్యాయపతి రాఘవరావు ‘బాల’ పత్రిక అందుకు ప్రసిద్ధ నిదర్శనం. మూడవ పనిని తెలుగు నేల మీద దీర్ఘకాలం నిర్వహించినది ‘యంగ్ లైవ్స్’ అనే సమష్టి పరిశోధన. దాని చరిత్రను భాషాదృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పరిశోధక బృందాల కూర్పు

బాలల పేదరికాన్ని అర్థం చేసుకోవడానికి ఇథియోపియా, భారతదేశం, పెరూ, వియత్నాంలలో సుమారు 12,000 మంది పిల్లలను ఎంచుకుని, 2002లో తొలి విడత సర్వే జరిపారు. బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో మొదలైన ఈ అధ్యయనానికి తరువాతి కాలంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రమైంది. భారతదేశంలో ఇందుకు ఎంపికైనది అవిభక్త ఆంధ్రప్రదేశ్. 2001-02లో పుట్టిన దాదాపు 2,000 మంది, 1994-95లో పుట్టిన దాదాపు 1,000 మంది ఇందులో చేరారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలతోపాటు హైదరాబాదు నుంచీ వీరిని ఎంచుకోవడంతో మూడు ప్రాంతాల మాండలికాలూ ఈ అధ్యయనంలోకి వచ్చాయి. హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడి భాగస్వాములు. 2014లో రాష్ట్రం రెండైనా అధ్యయనం తెగిపోలేదు.

బయటపడిన విషయాలు

రెండు వయోబృందాలను ఒకే వయసులో పోల్చగలగడం ఈ పద్ధతికున్న బలం. ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడులకు వెళ్లేవారు 2002లో 24 శాతం. 2009లో 44 శాతం. ఒక్క ఏడేళ్ల వ్యవధిలో ఊరి బడి స్వరూపమే మారిందని ఈ అంకెలు చెబుతున్నాయి. గడచిన వారంలో ఉపాధ్యాయులు తమను కొట్టారని 2009లో ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది చెప్పారు. బడిలో శారీరక దండనను నిషేధించిన విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది ఆ మరుసటి ఏడాదే. దెబ్బ తిన్నవారినే అడగడం వల్ల బయటపడిన నిజమిది.

మాట – అనువాదం

2007 నుంచి కొన్ని గ్రామాల్లో ముఖాముఖి సంభాషణలు, బృంద చర్చలు కూడా జరిగాయి. మహబూబ్‌నగర్ ప్రాంతపు పత్తి విత్తన చేలల్లో పిల్లల పని వీటిలో ప్రధానాంశమైంది. ఇక్కడే భాషాసమస్య ఎదురవుతుంది. పిల్లలు మాట్లాడేది తెలుగు. అంతర్జాతీయ పరిశోధకులు చదివేది ఆంగ్లం.

తెలుగులో ‘పని చేయడం’ వేరు, ‘పనికి పోవడం’ వేరు. మొదటిది ఇంట్లో అంట్లు తోమడమూ కావచ్చు; రెండవది సాధారణంగా కూలిని సూచిస్తుంది. ఆ భేదం ‘కి’ ప్రత్యయంలోనూ, క్రియలోనూ ఉంది. అట్లాగే ‘బడి మానింది’, ‘బడి మాన్పించారు’ అనేవి ఒకటి కావు. రెండవదానిలోని ప్రేరణార్థక క్రియ, నిర్ణయం ఎవరిదో చెబుతుంది. ఈ రెండూ ‘డ్రాపౌట్’ అనే ఒకే మాట కిందికి చేరితే, బడికి దూరమైన బాలికే ఆ నిర్ణయానికి కర్త అయినట్లు కనిపిస్తుంది. వ్యాకరణంలో జారిపోయిన బాధ్యత విధాన నిర్ణయంలోనూ జారిపోయే ప్రమాదం ఉంది.

ముగింపు

ఇటువంటి బృందాల్లో ఆర్థికవేత్తలు, విద్యావేత్తలు, పోషకాహార నిపుణులు ఉండటం సహజం. భాషాసాహిత్య పరిశోధకుని స్థానం మాత్రం అంత సహజంగా గుర్తింపు పొందలేదు. మాండలిక పదానికీ, క్రియారూపానికీ, పిల్లవాడి మౌనానికీ అర్థం చెప్పడం అదనపు అలంకారం కాదు; అది సాక్ష్యాన్ని కాపాడే పని. తెలుగు శాఖలు ఈ బాధ్యతను స్వీకరించి, బాలల మూల సంభాషణలను తెలుగులోనే భద్రపరచి అధ్యయనం చేసినప్పుడే, వారిని అడిగి రాసిన చరిత్ర వారి మాటకు కట్టుబడి ఉంటుంది.