శ్రుతి పట్టినవాళ్ళు

బాలాపూర్‌లో మా ఇంట్లో తెల్లవారేది శ్రుతిపెట్టె మోతతోనే. కరెంటుతో నడిచే చిన్న డబ్బా అది. దాన్ని గట్టు మీద పెట్టుకుని అమ్మ పప్పు కడుగుతూ కూనిరాగం తీసేది. పెళ్ళికి ముందు ఆమె చాలా ఏళ్ళు తన గురువుగారి కచేరీల్లో వెనక కూర్చుని తంబురా మీటింది. దాచుకున్న ఆహ్వానపత్రికల్లో ఆయన పేరుంది, వయొలిన్, మృదంగం వాయించినవారి పేర్లున్నాయి. అమ్మ పేరు ఒక్కదాంట్లోనూ లేదు. అడిగితే, "తంబురాకి పేరెందుకే?" అని నవ్వేసేది.

డాక్టరేట్ కోసం స్త్రీల రచనల్లో 'సొంత గొంతు' గురించి వందల పేజీలు రాశాను. వెనక మోగిన శ్రుతి గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఆ లోటు నాకు తెలిసింది, ఆశ్చర్యంగా, అనలాగ్ సింథసైజర్ మీద స్త్రీలు చేసిన సోలో ఆల్బమ్‌లు వింటున్నప్పుడే.

ఆ యంత్రం పని తీరు చెప్పుకోవాలి. ఆసిలేటర్ విద్యుత్తుతో స్వరాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ దాన్ని చెక్కుతుంది. వోల్టేజి మారితే స్వరం మారుతుంది. తొలినాటి యంత్రాలకు జ్ఞాపకం లేదు. వైర్లు పీకేస్తే నిన్నటి శబ్దం పోయినట్టే. గది వేడెక్కితే శ్రుతి జారిపోయేది. అంటే గంటల తరబడి కనిపెట్టుకుని కూర్చునే ఓపిక కావాలి. ఆ ఓపికను ఆడవాళ్ళలో ఎవరూ ప్రతిభ అనరు, స్వభావం అంటారు.

1968లో వెండీ కార్లోస్ బాఖ్ సంగీతాన్ని మూగ్ సింథసైజర్ మీద వాయించి 'స్విచ్డ్-ఆన్ బాఖ్' చేసింది. ఆ మూగ్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. కాబట్టి ఒక్కో వరసా విడిగా టేపు మీదికెక్కించి, ఒకదానిపై ఒకటి పేర్చాలి. 1970లో ఆ రికార్డుకి మూడు గ్రామీలు వచ్చాయి. కార్లోస్ ట్రాన్స్ మహిళ. ఆ సంగతి 1979లో ఆమే బయటపెట్టింది. అందాకా ఆ విజయం ఆమె వదిలేసిన పేరు మీదే చెలామణి అయింది. నిర్మాత రేచెల్ ఎల్కిండ్. 1972లో వచ్చిన 'సోనిక్ సీజనింగ్స్'లో శీతకాలం భాగంలో వినిపించే గొంతు కూడా ఎల్కిండ్‌దే. 'సోలో' అన్న మాట వెనక రెండో మనిషి ఉంటుందని నాకు తట్టింది అక్కడే.

మన దేశంలో? 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్‌ని నెలకొల్పాడు. అక్కడ పనిచేసినవాళ్ళలో గీతా సారాభాయ్ ఉంది. ఆడవాళ్ళు పఖావజ్ ముట్టని రోజుల్లో అది నేర్చుకున్న మనిషి. 1946లో న్యూయార్క్ వెళ్ళి జాన్ కేజ్‌కి భారతీయ సంగీతం చెప్పింది, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. మనసును నెమ్మదింపజేయడమే సంగీతానికి ప్రయోజనమని ఆమె చెప్పిన మాట కేజ్ జీవితాంతం మోశాడు. పుస్తకాల్లో ఆమె ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. మహాపురుషుడికి దారి చూపిన స్త్రీగా మిగిలిపోతుంది. మరి ఆమె సొంత సంగీతం? 1969-72 మధ్య టేపులను పరిశోధకుడు పాల్ పర్గస్ వెలికితీశాక, 2023లో వచ్చిన 'ది ఎన్.ఐ.డి. టేప్స్' సంకలనంలో అది చోటు చేసుకుంది. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్ళు. మిల్లు యజమానుల కుటుంబం, సంస్థను నడిపించిన తోబుట్టువులు, చేతికందిన యంత్రం అన్నీ ఉన్న స్త్రీకే ఇలా జరిగితే, ఏమీ లేనివాళ్ళ మాటేమిటి?

అందుకే ఎలియాన్ రాడిగ్ దగ్గర నేను చాలాసేపు ఆగాను. 1932లో పారిస్‌లో పుట్టింది. చిత్రకారుడు అర్మాన్ భార్యగా ముగ్గురు పిల్లల్ని పెంచింది. పియేర్ షేఫర్ దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత పియేర్ ఆన్రీకి సహాయకురాలిగా టేపులు కత్తిరించి అతికింది. 1970ల మొదట్లో న్యూయార్క్‌లో ఆర్ప్ 2500 కొనుక్కుని, దాని కీబోర్డుని అక్కడే వదిలేసి వచ్చింది! మెట్లు వద్దనుకుంది. స్వరం మెల్లగా, దాదాపు కదలనట్టు కదలడమే ఆమెకు కావలసింది. 1988-93 మధ్య చేసిన 'మరణ త్రయం' దాదాపు మూడు గంటలు. అందులో రెండో భాగం 'కైలాస'. 1989లో కారు ప్రమాదంలో పోయిన కొడుకు ఈవ్ స్మృతిలో చేసింది. శోకమంతా ఉంది, రోదన లేదు.

దాన్ని నేను మొదటిసారి విన్నది వినాయక నిమజ్జనం నాడు. 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటిన మా ఊరి లడ్డూ వేలంపాట వీధిలో సాగుతోంది. డీజే మోతకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. హెడ్‌ఫోన్స్ తీసి అమ్మ చెవులకి పెట్టాను. చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"ఇది తంబురానే కదే," అంది. కాసేపాగి, "పాడేవాళ్ళేరీ?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా. తంబురా వాయించినావిడే అంతా. రికార్డు మీద పేరు కూడా ఆమెదే."

అమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం బీరువా అడుగు నుంచి పాత ఆహ్వానపత్రికలు తీసి, ఒక్కోదాని వెనకా తేదీ, ఊరు, తన పేరు పెన్నుతో రాసుకుంది. పద్నాలుగు అయ్యాయి. మా ఇంటి సంగీత చరిత్రకి అదే మొదటి పత్రం. నా సిద్ధాంత గ్రంథంలో లేని అధ్యాయం కూడా అదే.