అర్థం మాత్రమే

అనంతపురంలో కూచుని హైదరాబాదు దొరగారి ముచ్చట ఎందుకంటారా? ఆయనా నాలాగే నవలలు రాసుకున్న మనిషి, అందుకు!

మార్మడ్యూక్ పిక్తాల్ 1875లో లండన్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే పాలస్తీనా, సిరియా ఊళ్ళు తిరిగి, జనం మధ్య అరబ్బీ నేర్చాడు. 1903లో ఒక జాలరి కథ నవలగా రాసి పేరు తెచ్చుకున్నాడు. 1917లో ఇస్లాం పుచ్చుకున్నాడు. 1925లో హైదరాబాదు వచ్చి, చాదర్‌ఘాట్ హైస్కూలు హెడ్మాస్టరయ్యాడు. 1927 నుంచి 'ఇస్లామిక్ కల్చర్' పత్రిక నడిపాడు.

ఖురాన్‌ని ఇంగ్లీషులో రాయడానికి నిజాం ఆయనకి పూర్తి జీతంతో రెండేళ్ళు సెలవిచ్చాడు. రాసింది పట్టుకుని ఈజిప్టు వెళ్ళి పండితులతో సరిచూసుకున్నాడు. 1930లో పుస్తకం వచ్చింది. దానికి ఖురాన్ అని కాదు, 'ఖురాన్ అర్థం' అని పేరు పెట్టాడు. మూలంలోని నాదం మరో భాషకి రాదని ఆయన నమ్మకం. మన ఉగ్గాని రుచి ఎలా ఉంటుందో చెప్పగలం గానీ, చెప్పినంతలో తిన్నట్టవుతుందా? అలాగన్నమాట.

పిక్తాల్ 1935లో ఇంగ్లండు వెళ్ళిపోయి, మరుసటేడు కన్నుమూశాడు. ఆ అనువాదం మాత్రం ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

దాదాపు అదే కాలంలో, ఈ కరువు సీమలో, మా దత్తమండల కళాశాల తెలుగు పంతులుగారు చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ని తెలుగు చేశారు. దొర మతం మారాడు, పంతులుగారు మారలేదు. ఇద్దరూ పొరుగువారి మాట శ్రద్ధగా విన్నవారే.

గూగూడు పీర్లకు మొక్కుకుంటాం, చక్కెర చదివిస్తాం. పక్కింటి పిన్నమ్మ చదివే గ్రంథంలో ఏముందో మాత్రం ఎన్నడూ అడగం. ఈసారి అడిగి చూద్దామా?