బెజవాడ పట్టాలు ఎవరి రాజ్యంలో ఉండేవి?

విజయవాడలో రైలెక్కితే కొండపల్లి దాటి, ఎర్రుపాలెం వచ్చేసరికి తెలంగాణలో ఉంటాం. ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే బోర్డర్ దాటామన్న సంగతి కూడా తెలీదు. కానీ 1889లో హైదరాబాద్ వైపు నుంచి బెజవాడకి లైన్ వచ్చినప్పుడు, అక్కడ మారేది రాష్ట్రం కాదు, ఏకంగా రాజ్యమే. ఇటు బ్రిటిష్ వాళ్ల మద్రాస్ ప్రెసిడెన్సీ, అటు నిజాం సంస్థానం.

మరి రెండు రాజ్యాల మీదుగా తిరిగే రైలుకి రూల్స్ ఎవరు పెట్టాలి?

అదే టైంలో యూరప్‌లోనూ ఇదే తలనొప్పి. అక్కడి దేశాలు 1890లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. 1893 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇవాళ ఓటిఫ్ అని పిలిచే సంస్థ దాని వారసురాలే. పెద్ద నిర్ణయాలన్నీ సభ్యదేశాల జనరల్ అసెంబ్లీ తీసుకుంటుంది. చిన్న దేశమైనా, పెద్ద దేశమైనా ఒకటే ఓటు.

మన దగ్గర అలా అందరూ సమానంగా కూర్చునే చోటే లేదు. ఉన్నదల్లా ఒక కంపెనీ. పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. అందులో 'గ్యారంటీడ్' అన్న ముక్క దగ్గర ఆగండి, అసలు మెలిక అక్కడే ఉంది. 1883లో లండన్‌లో పుట్టిన ఈ కంపెనీకి, పెట్టుబడి మీద ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్లు ఇస్తానని నిజాం ప్రభుత్వం హామీ పడింది. రైళ్లు ఖాళీగా తిరిగినా లండన్‌లో షేర్లు కొన్నవాడికి డబ్బులు వస్తాయి. రిస్క్ హైదరాబాద్ ఖజానాది, బోర్డు మీటింగులు లండన్‌లో! ఇంకా చిత్రం, సరిహద్దు నుంచి బెజవాడ దాకా ఉన్న 20 మైళ్ల చిల్లర ముక్క ఇండియా ప్రభుత్వానిది. నడిపేది మాత్రం ఇదే కంపెనీ.

జనం ఊరుకున్నారా అంటే, లేదు. ఆ స్కీమ్ వివరాలు ముందు బయటపెట్టండని 1883లోనే హైదరాబాద్‌లో గొడవ మొదలైంది. చాందా రైల్వే ఆందోళన అంటారు దాన్ని. అందులో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయని, అంటే సరోజినీ నాయుడు నాన్నగారిని, రాజ్యం నుంచే పంపించేశారు. వివరాలు అడిగినందుకు బహిష్కరణ అన్నమాట.

డబ్బు సంగతి అలా ఉంటే, పట్టాల మీద పోలీసు ఎవరు? రైల్వే భూముల్లో తన అధికారాన్ని నిజాం బ్రిటిష్ వాళ్లకి ఇచ్చాడు. ఎంతవరకు ఇచ్చాడన్నదే పేచీ. మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే ఆయన్ని శంకర్‌పల్లి స్టేషన్‌లో అరెస్ట్ చేశారు. బెజవాడ లైన్ నడిపే కంపెనీదే ఆ స్టేషన్, వాడి వైపు ఉంటుంది. వారెంట్ ఎక్కడిదో తెలుసా? సిమ్లా మేజిస్ట్రేట్‌ది. కేసుకి రైల్వేతో ఏ సంబంధమూ లేదు. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1897లో తీర్పు: ఆ భూమి ఇప్పటికీ నిజాందే, బ్రిటిష్ వాళ్లకి ఇచ్చింది రైల్వే వ్యవహారాల వరకే, కాబట్టి అరెస్ట్ చెల్లదు. నా ఉద్దేశంలో బెర్న్ ఒప్పందానికి మన దగ్గర దొరికే దగ్గరి పోలిక ఇదే. కాకపోతే అక్కడ దేశాలు ముందే రాసుకున్నాయి, ఇక్కడ ఒక మనిషిని పట్టుకున్నాక తేల్చారు.

1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేని కొనేసింది. 1950లో అది కేంద్రం చేతికి వెళ్లింది. అప్పుడు గానీ సరిహద్దుకి అటూ ఇటూ పట్టాలకి యజమాని ఒక్కరే కాలేదు.