మెగిద్దో యుద్ధం (1918)

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని తప్పించిన చివరి దండయాత్ర. 1918 సెప్టెంబరు 19న పాలస్తీనా తీరంలో మొదలై అక్టోబరు 26న అలెప్పో దాటాక ఆగింది. నిజానికి మెగిద్దో దిబ్బ దగ్గర జరిగిన పోరు స్వల్పం. అసలు దెబ్బ పడింది షారోన్ మైదానంలో. అయినా బైబిలు వాసన ఉన్న ఆ పేరే బ్రిటిష్ సేనాధిపతి ఎడ్మండ్ అలెన్‌బీకి నచ్చింది, తర్వాత ఆయన బిరుదులోనూ చేరింది. ఈజిప్టు రాజు మూడవ తుత్మోసు పూర్వం మెగిద్దో మీదికి సేనను నడిపిందీ ఇక్కడి ముస్‌ముస్ కనుమ గుండానే. తుత్మోసు చేసిన ఆ యుద్ధం క్రీ.పూ. 1479 నాటిదని కొందరంటారు. 1457 అనేవారే ఇప్పుడు ఎక్కువ.

1917 డిసెంబరులో జెరూసలేం చిక్కినా అలెన్‌బీ వెంటనే ఉత్తరానికి కదలలేకపోయాడు. మరుసటి మార్చిలో జర్మన్లు ఫ్రాన్సులో విరుచుకుపడడంతో ఆయన దగ్గరున్న సుమారు 60,000 మంది సైనికులను అక్కడికి తరలించారు. ఆ ఖాళీని పూడ్చింది భారత సైన్యం. వేసవి గడిచేసరికి చాలా పదాతి డివిజన్లలో బ్రిగేడుకు మూడు భారతీయ పటాలాలు, ఒక్క బ్రిటిష్ పటాలం మిగిలాయి. ఎదుట జర్మన్ సేనాని లిమాన్ ఫాన్ జాండర్స్ కింద మూడు ఒట్టోమన్ సైన్యాలున్నాయి. వాటిలో ఏడవదానికి అధిపతి ముస్తఫా కెమాల్. పేరుకు సైన్యాలే గానీ వాటిలో మనుషులు పలచగానే ఉన్నారు. ఎంత పలచగా అన్నదానిపై బ్రిటిష్ నివేదికలకూ జర్మన్ జ్ఞాపకాలకూ పొత్తు కుదరదు.

దాడి జరగబోయేది తీరం వైపు. శత్రువును మాత్రం జోర్డాన్ లోయ వైపు చూసేలా చేశారు. అక్కడ కర్ర చట్రాలకు గుడ్డ చుట్టి వేల సంఖ్యలో బొమ్మ గుర్రాలను వరసగా నిలిపారు. కంచర గాడిదలతో బరువులు ఈడ్పించి దుమ్ము రేపారు. పటాలాలు పగలు లోయలోకి కవాతు చేసేవి, రాత్రి లారీలెక్కి వెనక్కి వచ్చేవి. జెరూసలేంలో ఒక పెద్ద హోటల్‌ను ఖాళీ చేయించి, ప్రధాన స్థావరం అక్కడికే వస్తోందన్న పుకారు పుట్టించారు. ఇంత చేసినా గుట్టు దాదాపు బయటపడింది. సెప్టెంబరు 17న లొంగిపోయిన ఒక భారతీయ హవల్దారు దాడి తీరంలోనే అని టర్కులకు చెప్పాడు. వాళ్లు ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

19వ తేదీ తెల్లవారుజామున 4.30కి 385 ఫిరంగులు ఒక్కసారిగా పేలాయి. కొద్ది గంటల్లో పదాతి దళం కందకాల వరస చీల్చి దారి తెరిచింది, అశ్వికదళం ఆ సందులోంచి దూసుకుపోయింది. విమానాలు అఫూలేలోని టెలిఫోను కేంద్రాన్ని ముందే దెబ్బతీశాయి. దాంతో నజరేతులోని లిమాన్‌కు తన ముందు వరస కూలిన సంగతే సరిగా అందలేదు. నాలుగో అశ్విక డివిజను ముస్‌ముస్ కనుమ దాటి, 34 గంటల్లో 110 కిలోమీటర్లకు పైగా నడిచి బీసాన్ చేరింది. 20వ తేదీ ఉదయం నజరేతు మీద పడ్డ రౌతులకు లిమాన్ కొద్దిలో తప్పిపోయాడు. ఆయన పైజమాతోనే పారిపోయాడన్న కథలో సాక్ష్యం కన్నా వేళాకోళం పాలు ఎక్కువలా ఉంది. మర్నాడు వాదీ ఫారా ఇరుకు దారిలో విమానాలు ఏడవ సైన్యపు బళ్ల వరసను చితక్కొట్టాయి.

రౌతులకు ఎంత పేరొచ్చినా, యుద్ధం తేలింది తొలి ఉదయం పదాతి దళం చేతిలోనే అనడం సబబు.

సెప్టెంబరు 23న హైఫాను పట్టుకున్నది పదిహేనవ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడు. అందులో జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ సంస్థానాల లాన్సర్లున్నారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు ఈ మూడు దళాలవే. అందుకేనేమో నిజాం రౌతులూ హైఫా దాడిలో ఉన్నారని తరచు రాస్తుంటారు. ఆనాటి దాడి జోధ్‌పూర్, మైసూర్ దళాలదే అన్న వృత్తాంతం, హైదరాబాద్ దళం ఖైదీల కాపలాలో ఉందన్న కథనం ఎక్కువ నమ్మదగ్గవి. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దల్‌పత్ సింగ్ అక్కడే మరణించాడు.

జోర్డాన్ తూర్పున జీజా దగ్గర ఒక వింత జరిగింది. లొంగిపోవడానికి సిద్ధమైన వేల మంది టర్కులు, చుట్టూ మూగిన అరబ్ తెగలకు భయపడి ఆయుధాలు దించలేదు. అలెన్‌బీ సైన్యంలోని ఆస్ట్రేలియన్లు వాళ్ల తుపాకులు వాళ్ల దగ్గరే ఉండనిచ్చి, ఆ రాత్రంతా వాళ్లతో కలిసి కాపలా కాశారు.

డమాస్కస్‌లో ముందు అడుగుపెట్టింది ఎవరన్నది నేటికీ వివాదమే. బ్రిటన్ పక్షాన పోరాడిన అరబ్ సేనలదే ఆ ఘనత అని, వాటి వెంట ఉన్న బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్ రాశాడు. అక్టోబరు 1 తెల్లవారగానే ఆస్ట్రేలియన్ లైట్ హార్స్ పదో రెజిమెంటు నగరం గుండా సాగిందని సైనిక పత్రాలు చెబుతాయి. లారెన్స్ రాసింది సాహిత్యంగా గొప్పది, తేదీలూ వేళల విషయంలో మాత్రం పత్రాల వైపు మొగ్గడమే క్షేమం. అక్కడినుంచి సైన్యాన్ని ఎక్కువగా కుంగదీసింది శత్రువు కాదు, మలేరియా, ఇన్‌ఫ్లుయెంజా. చివరి పోరు అలెప్పో ఉత్తరాన హరితాన్ దగ్గర జరిగింది.

మొత్తం 75,000 మంది ఖైదీలు, 360 ఫిరంగులు పట్టుబడ్డాయని అలెన్‌బీ లెక్క. అయితే ఒట్టోమన్లను సంధికి నెట్టింది ఇదొక్కటే కాదు. సెప్టెంబరు 29న బల్గేరియా లొంగిపోవడంతో జర్మనీతో వాళ్లకున్న దారి తెగి, ఇస్తాంబుల్‌కే ముప్పు వచ్చిందన్న వాదన బలమైనదే. అక్టోబరు 30న ముద్రోస్ రేవులో అగమెమ్నాన్ అనే యుద్ధనౌక మీద సంధి కుదిరి, మర్నాడు మధ్యాహ్నం అమల్లోకి వచ్చింది. అప్పటికి బ్రిటన్ చేతికి రాని మోసుల్‌ను నవంబరులో బ్రిటిష్ సేనలు ఆక్రమించాయి. మోసుల్ ఎవరిదన్న పేచీ 1926లో గానీ తేలలేదు.